మడ్‌గార్డుకు పెట్టిన బొట్టు

నేను ఒక మడ్‌గార్డును. సైకిలును కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. సైకిలుకైతే కథ చెప్పుకునే అర్హత ఉందని మీరే ఒప్పుకుంటారు. గంట మోగుతుంది, దీపం వెలుగుతుంది, సీటు మోస్తుంది. నేను వెనక చక్రం మీద వంగి కూర్చుని, ఎగిరే బురదను కడుపున పట్టుకునే రేకుముక్కను. ఎక్కినవాడి చొక్కా తెల్లగా ఉంటే అది చాకలి గొప్ప. ఒక్క చుక్క పడితే అది నా తప్పు.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. నా ముఖం ఎప్పుడూ వెనక్కే. బండి ఎక్కడికి పోతోందో నాకు తెలియదు, దేన్ని దాటి వచ్చిందో మాత్రం తెలుసు. చరిత్ర రాసే పెద్దమనుషులకూ ఇంతకన్నా తెలియదు కాబట్టి, మహాయుద్ధం గురించి ఒక మడ్‌గార్డు మాట్లాడటమేమిటని మీరు మూతి తిప్పుకోనక్కర్లేదు.

నా పుట్టిల్లు జపానులోని సకాయ్ పట్నం. అక్కడ తాతలు తుపాకులు చేసిన కొలిముల్లో మనవలు సైకిలు సామాను చేసేవారు. మనుషులు బాగుపడ్డారని అప్పట్లో నేను కూడా అనుకున్నాను. నన్ను అచ్చులో పెట్టి వంచి, నల్లరంగు పూసి, కడుపు లోపలి వైపు ఎవరూ చూడని చోట ‘మేడ్ ఇన్ జపాన్’ అని ఇంగ్లీషు అక్షరాలు గుద్ది, పక్కనే మా ఊరి పేరు మా లిపిలో గుద్ది, ఓడెక్కించారు. మలయా దేశంలో పేరాక్ అనే సీమ, అందులో తెలుక్ ఆన్సన్ అనే ఊరు. అక్కడ ఒక చీనా వర్తకుడి కొట్లో చూరుకు వేలాడుతుండగా దాలినాయుడు వచ్చి నన్ను కొన్నాడు.

దాలినాయుడిది విజయనగరం అవతల ఒక పల్లె. కూలికి ఓడెక్కి వచ్చి, కొబ్బరితోటలో కొన్నాళ్ళు కాయలు మోసి, తరవాత తోట ఆఫీసులో తపాలా బంట్రోతు అయ్యాడు. ఉత్తరాల సంచీ మెడకు తగిలించుకుని తోట నుంచి పట్నానికి, పట్నం నుంచి తోటకు తిరగడం అతని పని. అతని సైకిలు అసలైన సీమ సరుకు. దాని వెనక మడ్‌గార్డును ఎద్దుబండి తొక్కేయడంతో ఆ స్థానంలో నేను కాపురానికి వెళ్ళాను. ఇంగ్లీషు సైకిలుకు జపాను మడ్‌గార్డు, ఎక్కేవాడు విజయనగరం మనిషి, తొక్కేది మలయా రోడ్డు మీద. మాలో ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. కోపాలు మాకన్నా పెద్దవాళ్ళు చూసుకునేవారు.

దాలినాయుడికి ఆ బండంటే ప్రాణం. రోడ్డు మీద పిట్ట కూడా లేనప్పుడు గంట కొట్టేవాడు. అతని పెళ్ళాం అసిరితల్లి కొబ్బరి షెడ్డులో కాయలు పగలగొట్టే పని చేసేది. చేతులు ఎప్పుడూ నూనె ఓడుతూ ఉండేవి. ఆమెకు ఒక పట్టింపు ఉంది. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా బొట్టు పెట్టనిదే ముట్టుకోదు. రోలుకు బొట్టు, కత్తికి బొట్టు, కంపెనీవాళ్ళు ఇచ్చిన కిరసనాయిలు దీపానికి బొట్టు. నేను వచ్చిన రోజు నాకూ కుంకం పెట్టింది. మర్నాడు వాన కురిసి పోయింది. మళ్ళీ పెట్టింది. మలయాలో వానలెక్కువ, ఆమెకు ఓపికెక్కువ.

తోటకు ఇద్దరు దొరలు. పెద్దదొర ఎప్పుడూ సెలవులో ఉండేవాడు. చిన్నదొర ఎప్పుడూ కేకల్లో ఉండేవాడు. కూలీలతో వాళ్ళ భాషలోనే మాట్లాడాలని కంపెనీ పట్టుబట్టి ఈ చిన్నదొరకు పరీక్ష పెట్టి తమిళం నేర్పించింది. తోటలో కూలీలందరూ తెలుగువాళ్ళన్న సంగతి కంపెనీకి ఎవరూ చెప్పలేదు. చిన్నదొర తమిళంలో ఏమడిగినా మనవాళ్ళు చేతులు కట్టుకుని “సిత్తం దొరా” అనేవారు. తన తమిళం అంత బాగుందని అతడు మురిసిపోయేవాడు.

యుద్ధం రాబోతోందని ఆఫీసు రేడియో అంటుంటే చిన్నదొర నవ్వేవాడు. జపానువాళ్ళకు చూపు ఆనదట. వాళ్ళ విమానాలు వెదురుబద్దలకు కాగితం అంటించి చేసినవట. సింగపూర్ కోటను దేవుడు కూడా పగలగొట్టలేడట. ఆ మాటలన్నీ అతడు ఆఫీసు కెరాణికి, అంటే గుమాస్తా సెల్లదురైకి, చెప్పేవాడు. సెల్లదురై సింహళదేశపు యాళ్పాణం తమిళుడు. లైన్లలో, అంటే మన కూలీల ఇళ్ళ వరసల్లో, ఉండి ఉండి తెలుగు పట్టుబడింది. దొర ఏమన్నా తలూపి, తరవాత తన పెట్టే బేడా సర్దుకోవడం మొదలుపెట్టేవాడు.

చివరకు జపానువాళ్ళు ఉత్తరాన దిగనే దిగారు. కాగితం విమానాలు ఇంగ్లీషువాళ్ళ రెండు మహా యుద్ధనౌకల్ని సముద్రంలో ముంచేశాయి. ఆ వార్త వచ్చిన పూట చిన్నదొర తోటలో వేసుకునే ఖాకీ నిక్కరు విప్పి, వాలంటీర్ల దళంలో వేసుకునే ఖాకీ నిక్కరు తొడుక్కున్నాడు. అంతటితో కాప్టెన్ అయిపోయాడు. 

కాప్టెన్ అయ్యాక మొదట రెండు ఉత్తర్వులు ఇచ్చాడు. మంటలార్పే ఇసుక బకెట్లకు ఎర్రరంగు వెయ్యాలి. దీపాలు లేని చీకట్లో వెనక వచ్చే లారీలకు కనిపించేలా ప్రతి సైకిలు వెనక మడ్‌గార్డు మీదా తెల్లరంగు పట్టీ వెయ్యాలి. దాలినాయుడు ఆఫీసు డబ్బాలోంచే తెల్లరంగు తెచ్చి నాకు జానెడు మేర పూశాడు. ఇంటికి రాగానే అసిరితల్లి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇదేటి మావా, బండికి ముండమోపి వాలకం తెచ్చినావు?”

“సర్కారోల్ల ఆర్డరే. తెల్లగుంటే సీకట్లో కనిపిస్తాదంట.”

“కనిపించాలంటే బోడి నుదురే కావాలేటి? సర్కారోల్లకి పెళ్ళాలు లేరేటి సెప్పడానికి?”

తెల్లటి బట్ట, వట్టి నుదురు అంటే మన ఆడవాళ్ళకు ఏమిటో నేను మీకు చెప్పక్కర్లేదు. ఆమె మొగుడి బండి మీద ఆ తెలుపును ఒక్క పూట కూడా ఉంచదలచుకోలేదు. వానకు పోయే కుంకం ఈసారి వద్దనుకుంది. బకెట్లకు వేయగా మిగిలిన ఎర్రరంగు కొబ్బరిచిప్పలో తెప్పించి, బొటనవేలు ముంచి, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుని, తెల్లపట్టీ నడిమధ్యన రూపాయంత బొట్టు పెట్టింది. చెయ్యి తిరిగిన మనిషి. అంచు ఎక్కడా చెదరలేదు.

“ఇప్పుడు సూడు” అంది దూరం జరిగి. “పొద్దు పొడిసినట్టు లేదా?”

ఉంది. అదే కొంప ముంచింది. తెల్లటి నేల, మధ్యన ఎర్రటి పొద్దు. ఇంగ్లీషువాళ్ళ తెలుపూ ఇంగ్లీషువాళ్ళ ఎరుపూ కలిపి, జపాను రేకు మీద, విజయనగరం ఆడమనిషి తన మొగుడి క్షేమం కోసం జపాను జెండా గీసింది. ఈ సంగతి అక్కడున్న ముగ్గురిలో నాకొక్కదానికే తెలుసు. నాకు నోరు లేదు.

మర్నాడు దాలినాయుడు తపాలా సంచీతో బయలుదేరాడు. తోట దారి పెద్దరోడ్డులో కలిసేచోట ఇసుక బస్తాలు పేర్చుకుని చిన్నదొర దళం కాపలా కాస్తోంది. ఎదురుగా వస్తున్నప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. దాలినాయుడు బండి మీదనుంచే సలాము కొట్టి దాటిపోయాడు. దాటిపోయాక మిగిలేది నేనే కదా. కాపలావాళ్ళ కళ్ళ ముందు శత్రువు జెండా ఊగుతూ, గంట కొట్టుకుంటూ పట్నం వైపు పోతోంది.

ఈల వేశారు. తుపాకులు గురిపెట్టారు. దాలినాయుడు దిగి నిలబడ్డాడు. చిన్నదొర పరుగెత్తుకొచ్చి, నన్నూ అతణ్ణీ మార్చి మార్చి చూసి, పరీక్ష పాసైన తమిళంలో అడిగాడు:

“నీ ఒట్రన్ దానే?”

నువ్వు గూఢచారివే కదా అని దానికి అర్థం. దాలినాయుడికి ఆ మాటలో ‘ఒట్టు’ ఒక్కటే వినిపించింది. ఒట్టు వెయ్యమంటున్నాడనుకున్నాడు.

“ఒట్టు దొరా. మాయమ్మ మీద ఒట్టు” అన్నాడు తల మీద చెయ్యి పెట్టుకుని.

చిన్నదొర ముఖం వెలిగిపోయింది. ఇంత సులువుగా నేరం ఒప్పుకున్న గూఢచారి ఆ యుద్ధంలో ఇంకొకడు దొరికి ఉండడు. బండిని తిరగేసి కడుపు కింద చూశాడు. బురద గీకితే ‘మేడ్ ఇన్ జపాన్’ బయటపడింది. ఇంకేం కావాలి? దాలినాయుణ్ణి కొబ్బరి షెడ్డులో పెట్టి తాళం వేశారు. నన్ను సాక్ష్యంగా షెడ్డు ముందు నిలబెట్టారు. నా కడుపు మీది అక్షరాలే చిన్నదొర బంగళాలో టీకప్పుల అడుగున కూడా ఉన్నాయి. ఆ సంగతి కెరాణి సెల్లదురైకి తెలుసు. అతడు చెప్పలేదు. టీకప్పుల్ని అరెస్టు చేస్తే తనకు పనెక్కువవుతుందనుకున్నాడేమో.

అసిరితల్లి చేతుల నూనెతోనే పరుగెత్తుకొచ్చింది. సెల్లదురై ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

“చూడమ్మా, నీ పెనిమిటి వేగులవాడని దొర అంటున్నాడు. రేపు తెలుక్ ఆన్సన్ పంపుతారు. అక్కడ గోడకు నిలబెట్టి కాల్చేస్తారు.”

“ఏటి సేసినాడని?”

“ఇదిగో, ఈ జెండా వేసుకుని తిరిగాడని.”

“జెండా ఏటి బాబూ? బొట్టు. నాను ఎట్టినాను.”

సెల్లదురై దొరకు చెప్పాడు. దొర నా దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

“సైకిలుకు బొట్టెందుకని అడుగుతున్నాడు.”

“ఆడి టోపీకి ఆ ఇత్తడి బిళ్ళ ఎందుకంట?”

సెల్లదురై ఈ జవాబును “ఆచారం అంటోంది దొరా” అని మార్చి చెప్పాడు. యుద్ధాల్లో ప్రాణాలు నిలబెట్టేది వైద్యులనుకుంటారు. తప్పుగా అనువదించే కెరాణీలు ఇంకా ఎక్కువమందిని నిలబెట్టి ఉంటారు.

దొర నా కడుపు కింది అక్షరాల మీద వేలు పెట్టాడు. అసిరితల్లికి చదువు రాదుగానీ వేలు ఎందుకు పెట్టాడో అర్థమైంది.

“మీ పట్నంలోనే అమ్మినారు బాబూ. అమ్మినోడిని ఒగ్గీసి కొన్నోడిని కట్టీసినారేటి?”

దొర వేలు తీసుకున్నాడు. అతడు చెడ్డవాడు కాడు. భయపడినవాడు, అంతే. ఉత్తరం నుంచి రోజూ ఏదో ఒక ఊరు పోయిందనే కబురు వస్తోంది. పోగొట్టినవాళ్ళను ఏమీ అనడానికి లేదు, వాళ్ళు పైవాళ్ళు. అనడానికి ఒకడు దొరికితే కాస్త ఊపిరాడుతుంది. అయినా ఈ ఆడమనిషి ముఖం చూస్తే అనుమానం సడలింది. అందుకని దయతలచి ఒక తీర్పు చెప్పాడు. ఆమె స్వయంగా, తన చేత్తో, అందరి ముందూ ఆ ఎర్రచుక్కను తుడిచెయ్యాలి. తుడిస్తే మొగుణ్ణి వదిలేస్తాడు. కిరసనాయిలు గుడ్డ కూడా తెప్పించాడు.

షెడ్డు చుట్టూ చేరిన లైన్లవాళ్ళందరూ హమ్మయ్య అనుకున్నారు. సెల్లదురై గుడ్డ అందించాడు. అసిరితల్లి చేతులు వెనక్కి పెట్టుకుంది.

“తుడవను.”

“ఏమ్మా, మతి పోయిందా?”

“మొగుడు బతికుండగా బొట్టు ఎలగ తుడుస్తాను బాబూ? మా కాడ బొట్టు తుడిసేది ఎప్పుడో తమరికి తెల్దేటి?”

షెడ్డు తలుపు సందులోంచి దాలినాయుడి గొంతు వినిపించింది. “ఒలే అసిరీ, అది నీ నుదురు కాదే. మడ్‌గాడే. తుడిసీవే.”

“నువ్వు నోరు ముయ్యి మావా. ఎవుల పేరు సెప్పి ఎట్టినానో నాకు తెల్దేటి? నీ పేరు సెప్పే ఎట్టినాను.”

“తుడవకపోతే కాల్సేత్తారే.”

“తుడిస్తే సచ్చిపోతావు.”

ఎటు చూసినా పోయేది తానేనని లోపలున్న దాలినాయుడికి అప్పుడే బోధపడినట్టుంది. “పోనీ ఎవులిచేతైనా తుడిపించీ” అన్నాడు నీరసంగా. ఆ మాటకు ఆమె తలుపు వైపు చూసిన చూపుకు తాళం ఊడిరావాల్సింది.

దొర గడియారం చూసుకున్నాడు. ఆమె తుడవనంటోందంటే జెండా మీద భక్తి ఉన్నట్టేనని, మళ్ళీ తుపాకుల వైపు తిరిగాడు. నేను ఆమెకేసి చూస్తున్నాను. తుడవకుండా చెరపాలి. చెరపకుండా మార్చాలి. ఏ సేనాపతికైనా ఇంతకన్నా ఇరుకైన చోటు ఎదురైందేమో నాకు తెలియదు. వాళ్ళకు వెనక్కి తగ్గే వీలుండేది, ఈమెకు అదీ లేదు.

ఆమె తటాలున షెడ్డు పక్కనున్న కొబ్బరిపెంకుల పొయ్యి దగ్గరికి వెళ్ళింది. గోడకు పట్టిన మసి అరచేతిలోకి గీకుకుంది. చేతులకున్న నూనెతోనే రంగరించింది. నా ముందు గొంతుక్కూర్చుని, బొట్టు కింద అటొక కన్ను, ఇటొక కన్ను దిద్దింది. కనుబొమలు వంచింది. ముక్కు దించి, ముక్కెర చుట్టింది. చివరికి నోరు గీసి, ఆ నోటికి చిన్న నవ్వు కూడా పెట్టింది. లేచి నిలబడి, పక్కకు తప్పుకుంది.

“దొరగోరిని అడుగు బాబూ. జెండాకి కళ్ళుంటాయేటి?”

చిన్నదొర చూశాడు. ఎర్రటి పొద్దు పోయి, నుదుట బొట్టు పెట్టుకున్న ఆడముఖం అతనికేసి చూస్తోంది. ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఏదో అడిగాడు.

“ఎవరీమె అంటున్నాడు” అన్నాడు సెల్లదురై.

“పైడితల్లమ్మ. దణ్ణమెట్టుకోమను, ఎల్లే దారి సక్కగుంటాది.”

“తాను ఎక్కడికీ వెళ్ళడం లేదంటున్నాడు.”

“అలగే కానీ” అంది అసిరితల్లి.

దాలినాయుణ్ణి వదిలేశారు. అతడు బయటికొచ్చి పెళ్ళాన్ని చూడలేదు, నేరుగా వచ్చి నన్ను చూశాడు. తరవాత గంట ఒకసారి కొట్టి చూసుకున్నాడు.

రెండో రోజునే దొరల లారీ వచ్చింది. పారిపోవడం అనకూడదట. ముందే అనుకున్న కొత్త స్థానాలకు తరలడం అనాలట. వెనక్కి చూస్తూ ప్రయాణించే విద్యలో నాకున్న అనుభవంతో చెబుతున్నాను, దానికి ఎన్ని పేర్లు పెట్టినా కనిపించేది ఒకటే. చిన్నదొర కుక్కనూ గ్రామఫోనునూ లారీ ఎక్కించాడు. సెల్లదురైని ఎక్కించడానికి చోటు చాలలేదు. లారీ కదిలేముందు దొర చుట్టూ చూసి, ఎవరూ చూడటం లేదనుకుని, నాకేసి టోపీ అంచు తాకాడు. 

తరవాత జపానువాళ్ళు వచ్చారు. నది దారిన పడవల్లో కొందరు, రోడ్డు మీద సైకిళ్ళ మీద కొందరు. ఆసియా ఆసియావాళ్ళదే, తెల్లవాళ్ళ చెర నుంచి మిమ్మల్ని విడిపించడానికి వచ్చామని అచ్చేసిన కాగితాలు పంచారు. నా పుట్టింటివాళ్ళు. నాకు కాస్త గర్వంగానే అనిపించిందని దాచడం దేనికి?

ఆ ముఠాకు పెద్ద మోరికవా అనే సార్జెంటు. లైన్ల ముందు బారుగా నిలబెట్టిన సైకిళ్ళను చూసుకుంటూ నా దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. తెల్లటి నేల, ఎర్రటి పొద్దు. ముఖం విప్పారింది. ఆ పొద్దు కింద కళ్ళు, ముక్కు, ముక్కెర, నవ్వు. ముఖం ముడుచుకుపోయింది. 

బండి ఎవరిదని సైగ చేశాడు. దాలినాయుడు ముందుకు వచ్చాడు. చెంప ఛెళ్ళుమంది. రెండోది కూడా. చక్రవర్తి జెండా మీద బొమ్మలు గీసి వెక్కిరిస్తావా అని కాబోలు అరుస్తున్నాడు. మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. ఒక సిపాయి బాయ్‌నెట్ మెడ మీద ఆనించాడు. ఈసారి దాలినాయుడు ఒట్టు అనలేదు. ఏ భాషలో ఆ మాటకు ఏ అర్థముందో ఎవరికి తెలుసు?

చూడండి విచిత్రం. జెండా అని ఒకరు చంపబోయారు. జెండా కాదని గీస్తే, ఎందుకు కాదని మరొకరు చంపబోతున్నారు. మధ్యలో దాలినాయుడు చేసిందల్లా ఉత్తరాలు మోయడం.

సెల్లదురై ముందుకు రాలేదు. అతనికి ఈ కొత్త దొరల భాష రాదు. అసిరితల్లికీ రాదు. కానీ ఆమె సార్జెంటు నోటిని చూడలేదు, అతని చూపు ఎక్కడ వాలుతోందో చూసింది. కళ్ళ మీద వాలినప్పుడు ముఖం ఎర్రబడుతోంది, బొట్టు మీద వాలినప్పుడు నెమ్మదిస్తోంది. ఆమె నడిచి వచ్చింది. బాయ్‌నెట్ ఇటు తిరిగినా ఆగలేదు. చీరచెంగు కొస నూనెచేతులతో నలిపి, నా ముందు కూర్చుని, కళ్ళు తుడిచింది. కనుబొమలు తుడిచింది. ముక్కు, ముక్కెర, చివరికి నవ్వు తుడిచింది. బొట్టు చుట్టూ చెంగు చాలా నెమ్మదిగా తిరిగింది, దాన్ని తాకలేదు.

“కాటిక తుడవొచ్చు మావా” అంది అటు తిరగకుండానే. “తప్పులేదు. బొట్టయితే గదా.”

మోకాళ్ళ మీదున్న దాలినాయుడు, “నువ్వు ముందు కానీవే” అన్నాడు పళ్ళ సందునుంచి.

పొద్దు ఒంటరిగా మిగిలింది. మోరికవా మడమలు తాటించి నాకు సలాము కొట్టాడు. నా వెనక ఉన్న మనుషులకు కాదు, నాకు. బాయ్‌నెట్ పక్కకు జరిగింది. చక్రాలు గట్టిగా ఉన్నాయా అని చూడటానికి బండి తిరగేసినప్పుడు అతనికి నా కడుపు కింది మా లిపి కనిపించింది. “సకాయ్” అన్నాడు. ఇంకోసారి అన్నాడు. బురద గోటితో గీకి ఆ అక్షరాలు తడిమాడు. అతనిదీ ఆ ఊరేనట, పక్కనున్న సిపాయిలకు చూపించి చెబుతుంటే కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడే ఒక మనిషి మెడ కోయించబోయినవాడు ఒక రేకుముక్కను చూసి ఏడ్చాడు. మనుషుల దేశభక్తి ఎక్కడ ఉంటుందో నాకు ఆవేళ అర్థమైంది, మడ్‌గార్డు కింద.

కన్నీళ్ళు తుడుచుకుని, దాలినాయుడి భుజం తట్టి, సైకిలు ఎక్కి కూర్చున్నాడు. నన్ను విడిపించడానికి వచ్చినవాళ్ళు అలా విడిపించారు.

బండి కదిలింది. నా ముఖం వెనక్కి కాబట్టి, ఆ ఇద్దరినీ కనుమరుగయ్యేదాకా చూడగలిగాను. దాలినాయుడు చెంప పట్టుకుని బండికేసి చూస్తున్నాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చిందన్న సంతోషం కన్నా బండి పోయిందన్న దుఃఖమే ఎక్కువగా ఉంది ఆ ముఖంలో. అసిరితల్లి గొంతు గాలిలో తేలివచ్చింది.

“బండి పోతే పోనీ మావా. బొట్టుంది గదా దానికి. అదెక్కడున్నా నీకేటీ కాదు.”

నేను నవ్వుకున్నాను. అప్పట్లో నవ్వుకోగలిగాను.

ఆ తరవాత దక్షిణానికి ఒకటే పరుగు. ఎండకు టైర్లు పేలిపోయాయి. బాగుచేసే తీరిక లేక రబ్బరు పీకి పారేసి వట్టి ఇనుప రిమ్ముల మీదే తొక్కారు. వందల రిమ్ములు ఒక్కసారిగా కంకరరోడ్డు మీద దొర్లితే ఆ మోత టాంకులు వస్తున్నట్టుండేది. అడవి పక్కన పొంచి ఉన్న సర్కారు దళాలు కొన్ని ఆ మోత విని, అవి టాంకులే అనుకుని లేచిపోయాయి. ఆ మోతలో నా వంతు కూడా ఉంది. ఒక మర వదులై నేను గడగడలాడేదాన్ని. ఒక మహాసామ్రాజ్యాన్ని వెనక్కి తరిమిన ఘనత ఒక వదులైన మరకు దక్కిందని ఏ పుస్తకంలోనూ రాయలేదు. 

నవ్వు ఇంతవరకే. నేను వెనక్కి చూసేదాన్నని చెప్పాను కదా. మేం దాటి వచ్చిన దారి పొడుగునా ఏముందో చూశాను. కాలిన ఊళ్ళు, కాలవ పక్కన చేతులు వెనక్కి కట్టి పడేసినవాళ్ళు, తమ వస్తువులు తామే మోసుకుంటూ ఎటు పోవాలో తెలియక నిలబడ్డవాళ్ళు. ముందుకు చూసి తొక్కేవాళ్ళు పాటలు పాడుకుంటున్నారు. అవి చూడటానికి వెనక మడ్‌గార్డు తప్ప ఇంకెవరూ లేరు.

మలయా దక్షిణపు కొసన, జొహోర్ ఒడ్డున, మోరికవా నన్ను ఒక గోడకు ఆనించి, జలసంధి దాటడానికి పడవెక్కాడు. ఎక్కేముందు వంగి నా కడుపు కింద అక్షరాలు ఒకసారి తడిమాడు. మళ్ళీ రాలేదు. గోడకు తిప్పి పెట్టడం వల్ల నేను బతుకులో మొదటిసారి ముందున్నది చూశాను. అవతలి ఒడ్డున సింగపూర్ మీద నల్లటి పొగ. కోట పడిపోయింది. దేవుడు రావలసిన పని లేకపోయింది.

బండిని ఎవడో పట్టుకుపోయాడు, వదులైన మర ఊడి నేను అక్కడే మిగిలాను. పాతఇనుము గుట్టలో పడ్డాక కూడా చెవులున్నాయి కదా. తోటల్లోంచి మనుషుల్ని రైలుపెట్టెల్లో కుక్కి సయాం అడవులకు పంపుతున్నారని, అక్కడ రైలుకట్ట వేయిస్తున్నారని, పట్టుబడ్డ దొరల్ని కూడా అక్కడికే పంపారని చెప్పుకునేవారు. దొరనూ కూలీనీ ఒకే గుంట తవ్వే పనిలో పెట్టిన సర్కారు అదొక్కటే. పోయినవాళ్ళు తిరిగొచ్చిన కబురు మాత్రం ఎప్పుడోగాని వినిపించేది కాదు. పేరాక్ కొబ్బరితోట అన్న మాట ఒకసారి వినిపించింది. పేర్లు చెప్పలేదు.

ఇప్పుడు నేను ఒక మ్యూజియంలో ఉన్నాను. గుట్టలోంచి ఒక సేకరణ పిచ్చివాడు ఏరుకుపోతే, అతని కొడుకు ఇక్కడ ఇచ్చేశాడు. గాజుపెట్టె, మెత్తటి గుడ్డ, పైన దీపం. పక్కన పెట్టిన అట్ట మీద, ‘జపాను సైకిలు దళానికి చెందిన మడ్‌గార్డు. ఒక సైనికుడు తన దేశ చిహ్నాన్ని భక్తితో స్వయంగా చిత్రించుకున్నాడు’ అని రాసి ఉంది. భక్తితో అన్న ఒక్క మాటే నిజం. 

మొన్నామధ్య ఒక చదువుకున్న అమ్మాయి భూతద్దం, దూది, సీసాలు పట్టుకుని నన్ను బాగుచేయడానికి వచ్చింది. తెల్లరంగు మీద సన్నటి నల్లగీతలు ఇంకా ఉన్నాయి. అసిరితల్లి చెంగుకు అందని కాటుక, ఒక కంటి కొస, నవ్వులో ఒక వంపు. ఆ అమ్మాయి వాటిని మురికి అనుకుని దూదితో జాగ్రత్తగా తుడిచేసింది. నాకు బాధ కలగలేదు. కాటిక తుడవొచ్చు, తప్పులేదు. తరవాత దూది ఎర్రటి గుండ్రం దగ్గరికి వచ్చింది. నాకు ఊపిరంటూ ఉంటే ఆగిపోయేది. ఆమె భూతద్దంలో చాలాసేపు చూసి, పక్కనున్నతనితో అంది, ఇది ముట్టుకోకూడదు, ఇది వాళ్ళ జెండా. పైన పల్చటి వార్నీషు పూసి, ఇంకెప్పటికీ చెరగకుండా చేసి వెళ్ళింది.

ఇంగ్లీషువాడు తుడవమన్నా ఆమె తుడవలేదు. జపానువాడు సలాము కొట్టి ఊరుకున్నాడు. మ్యూజియంవాళ్ళు గాజు కప్పి కాపలా పెట్టారు. దాన్ని జెండా అనుకున్నంతకాలం ఎవరూ చెరపరు. చెరపనంతకాలం దాలినాయుడికి ఏమీ కాదు. ఈ లెక్క నాది కాదు, అసిరితల్లిది. ఒకప్పుడు నవ్వుకున్న లెక్కే.

మీలో ఎవరైనా ఎప్పుడైనా ఈ గాజుపెట్టె ముందు నిలబడితే, మీరు తెలుగువాళ్ళు కాబట్టి చూడగానే అదేమిటో మీకు తెలిసిపోతుంది. దయచేసి పైకి అనకండి.